చీటీ చేరింది, మనిషి చేరలేదు

పట్టణంలోని మానసిక ఆరోగ్య సేవలనూ యువజన సేవలనూ సమన్వయపరిచే బాధ్యత నాకు అప్పగించినప్పుడు, నేను మొట్టమొదట చేసిన పని ఒక పట్టిక తయారుచేయడం. ఏ సంస్థ ఏ వయసువారిని చూస్తుంది, ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, ఎవరిని అడగాలి అన్న వివరాలన్నీ అందులో పొందుపరిచి అందరికీ పంచాను. ఆరు నెలలు తిరిగేసరికి ఫోన్ నంబర్లు కొన్ని మారిపోయాయి; ఆ పట్టిక చూసుకుని సహాయం పొందామన్న యువకులు మాత్రం నాకు ఒక్కరూ తారసపడలేదు.

లోపం ఎక్కడుందో రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూసిన రోజున అర్థమైంది. యువజన కేంద్రం వారి రిజిస్టరులో ‘కౌన్సెలింగుకు పంపాము’ అని ఉంది. కౌన్సెలింగ్ కేంద్రం వారి రిజిస్టరులో ఆ పేర్లలో చాలా వరకు లేవు. ఎవరి పని వారు చేసినట్టే ఉంది. నిద్ర పట్టక, చదువు మీద మనసు నిలవక, ఎన్నాళ్లకో ధైర్యం కూడదీసుకుని ఒకరితో గోడు చెప్పుకున్న పిల్లవాడిని, అదే గోడు కొత్తచోట, ముక్కూముఖం తెలియని మనిషి ముందు, మళ్లీ మొదటినుంచి చెప్పుకోమని పంపుతున్నామని మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు మొదటిసారి వెళ్లేటప్పుడు, ఆ పిల్లవాడికి పరిచయమున్న కార్యకర్త స్వయంగా వెంట వెళ్లి, ఇద్దరినీ కూర్చోబెట్టి, అతను ఒప్పుకున్నంత మేరకు సంగతి చెప్పి వస్తున్నారు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ముందే అతన్ని అడుగుతాము. ప్రాణాపాయం ఉందనిపించినప్పుడు మాత్రం గోప్యత పాటించలేమన్న మాట కూడా మొదటి రోజే చెప్పేస్తాము.

అన్నిటికంటే లోతైన అగాధం 18 ఏళ్ల దగ్గర ఉంది. జీవితకాలంలో ఎప్పుడైనా మానసిక రుగ్మతకు లోనయ్యేవారిలో సగం మందికి అది 14 ఏళ్లలోపు, ముప్పావు వంతు మందికి 24 ఏళ్లలోపు మొదలవుతుందని 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం అంచనా వేసింది. అంటే బాధ తలెత్తే వయసుకు నట్టనడుమ గీత గీసి, ఇటువైపు పిల్లల విభాగమనీ అటువైపు పెద్దల విభాగమనీ పంచుకున్నాము. పుట్టినరోజు నాటికి రోగం తీరు మారదు గానీ, చూసే మనిషి, పద్ధతి, ఎదురుచూడవలసిన వరుస అన్నీ మారిపోతాయి. ఆస్ట్రేలియాలో 2006లో ఏర్పడిన హెడ్‌స్పేస్ సంస్థ 12 నుంచి 25 ఏళ్ల వయసువారందరికీ ఒకే గడప ఏర్పరచి, మానసిక ఆరోగ్యంతో పాటు శారీరక ఆరోగ్యం, మత్తుపదార్థాల సమస్య, చదువు, ఉద్యోగం వంటివాటికి కూడా అక్కడే సహాయం అందేలా చూసింది. అంత ఏర్పాటు మా శక్తికి మించినది కనుక, 17వ ఏట నుంచే రెండు విభాగాలవారూ కలిసి చూసే పద్ధతికి ఒప్పించగలిగాను. ఆ ఒప్పందానికి పట్టిన సమావేశాల సంఖ్య గురించి చెప్పకపోవడమే మంచిది.

ఇప్పుడు రిజిస్టరులో ‘పంపాము’ పక్కన ‘చేరారా?’ అన్న గడి ఒకటి చేర్చాము. రెండు వారాల్లో అది నిండకపోతే నేనే ఫోన్ చేస్తాను. తేలనిది ఒక్కటే మిగిలింది: వెంట వెళ్లిన కార్యకర్త గడిపిన ఆ పూటను ఏ సంస్థ ఖాతాలో రాయాలని అడిగితే, ఉభయులూ ఎదుటివారి వైపు చూస్తున్నారు.