మహోగనీకి తగ్గ పికప్ దొరికింది

రాత్రి విశాఖ ఎంవీపీ కాలనీలో మా గదిలో ఎలక్ట్రిక్ గిటార్‌కి కొత్త పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) బిగించా. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే యాంప్ నాబ్) పూర్తిగా పెంచి, అరచేతి అంచు తీగలకు ఆనించి ఒక్క పామ్ మ్యూట్ కొట్టాను. ఒళ్లు జలదరించింది!

నా గిటార్ బాడీ మహోగనీ చెక్క. పాత అల్నికో 2 హంబకర్‌తో (అల్నికో అయస్కాంతం, రెండు కాయిళ్లు ఉన్న పికప్) గెయిన్ లేని క్లీన్ టోన్ తేనెలా ఉండేది. గెయిన్ పెంచితే మాత్రం లావు తీగల నోట్లన్నీ ముద్దగా కలిసిపోయేవి. చెక్క వల్లే అనుకుని గిటారే అమ్మేద్దామనుకున్నా. నా చెవికి తేడా అంతా పికప్‌దే.

ఇప్పుడు బ్రిడ్జ్ (తీగలు బాడీ మీద ఆనే చోటు) దగ్గర ఈఎంజీ 81 అనే పికప్ పెట్టాను. సిరామిక్ అయస్కాంతం, యాక్టివ్ పికప్, అంటే బ్యాటరీతో నడిచేది. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాత 500కె (కిలోఓమ్) పాట్లు తీసేసి 25కె వేయాల్సి వచ్చింది, లోపల 9 వోల్టుల బ్యాటరీకి చోటు చూడాల్సి వచ్చింది. ఆ ఇరుకులో వైర్లు పట్టించడానికే గంట పట్టింది. ఇప్పుడు ప్రతి నోటూ విడివిడిగా తెగి వినిపిస్తోంది. వాయించాక కేబుల్ పీకేయాలి, లేకపోతే బ్యాటరీ అయిపోతుంది.

సముద్రపు గాలికి తీగలు మళ్లీ తుప్పు పట్టాయి. రేపు కొత్త సెట్ వేసి, పికప్ ఎత్తు కాస్త దించి చూస్తా.