హార్డ్ డిస్క్ టక్ టక్ అంటే ఏం చేయాలి, అంతకు ముందే ఏం చేసుకోవాలి

"బ్యాకప్ ఉందా?" అని అడిగితే చాలామంది ధైర్యంగానే చెప్తారు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టాం కదా అని. మరి లాప్‌టాప్‌లో కూడా ఉన్నాయా అంటే లేవు, జాగా చాలక అక్కడ తీసేశారు. అలాంటప్పుడు అది బ్యాకప్ ఎలా అవుతుంది? ఫైళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారాయి అంతే. ఉన్నది ఒక్కటే కాపీ, అదీ బ్యాగుల్లో తిరుగుతూ ఎప్పుడు చేయి జారుతుందో తెలియని చిన్న డబ్బాలో. తెలిసినవాళ్లు పాడైన డిస్క్ పట్టుకుని సాయం అడిగినప్పుడల్లా నాకు ఎదురయ్యే పరిస్థితి ఇదే, అందుకే ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఇక్కడ రాస్తున్నాను.

డిస్క్ ఇప్పటికే మొరాయించి, దారి వెతుక్కుంటూ ఇది చదువుతున్నవాళ్లు ఉంటే ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి. పెట్టి తీసి, తీసి పెట్టి చూడకండి. డేటా దక్కుతుందా లేదా అన్నది చాలావరకు ఈ మొదటి గంటలో మనం చేసే పనుల మీద, అంతకంటే ఎక్కువగా చేయకుండా ఆగే పనుల మీద ఆధారపడి ఉంటుంది.

లైటు వెలగకపోయినా, లోపల ఏమీ తిరుగుతున్న శబ్దం రాకపోయినా మొదటి అనుమానం కేబుల్ మీద, పోర్ట్ మీద. చేతిలో పట్టే 2.5 అంగుళాల డిస్కులు కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకుంటాయి, మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. మధ్యలో హబ్ ఉండి దానికి ఇంకో నాలుగు తగిలించి ఉంటే డిస్క్ తిరగడానికి చాలినంత కరెంటు అందదు, అప్పుడు బాగున్న డిస్క్ కూడా చిన్నగా టిక్కుమంటూ ఆగిపోతుంది. కాబట్టి హబ్ తీసేసి, పొట్టి కేబుల్ ఒకటి కొత్తది తీసుకుని, నేరుగా కంప్యూటర్ పోర్ట్‌కే పెట్టి ఒక్కసారి చూడండి. విడిగా అడాప్టర్ ఉండే పెద్ద డిస్క్ అయితే దాని అడాప్టరే వాడండి, పిన్ను సరిపోయింది కదా అని వేరేది పెడితే వోల్టేజి తేడాకి బోర్డు కాలిపోవచ్చు.

ఇంకో రకం ఏమిటంటే, డిస్క్ చక్కగా తిరుగుతుంది, డ్రైవ్ లెటర్ కూడా కనిపిస్తుంది, తెరవబోతే విండోస్ "ఫార్మాట్ చేస్తే గానీ వాడలేరు" అంటుంది. దయచేసి ఆ బటన్ నొక్కకండి. అక్కడ దెబ్బతిన్నది చాలాసార్లు ఫైల్ సిస్టమ్ మాత్రమే, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టిక, ఫైళ్లు లోపల అలాగే ఉంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు సరిగ్గా చూపిస్తుంటే ఆశ పెట్టుకోవచ్చు. ఇలాంటప్పుడు విండోస్‌తో వచ్చే చెక్‌డిస్క్ అనే రిపేర్ ప్రోగ్రామ్ నడపమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, నేను మాత్రం వద్దంటాను. దాని పని ఫైల్ సిస్టమ్‌ని ఒక పద్ధతిలోకి తేవడం, మీ ఫొటోలు కాపాడడం కాదు. పొంతన కుదరని ఎంట్రీలను తీసేస్తుంది, డిస్క్ మీద రాస్తుంది. అసలే బలహీనంగా ఉన్న డిస్క్ మీద అలా రాయించడం ప్రమాదం.

టక్... టక్... టక్ అని ఒకే లయలో శబ్దం వస్తుంటే, పైగా కేబుల్ మార్చినా అదే వస్తుంటే, అది వేరే సంగతి. లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి, వాటి మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో డేటా చదివే రీడ్ హెడ్ తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం వేల నానోమీటర్లలో ఉంటుంది, అంటే ఆ సందులో దుమ్ము కణం కూడా పట్టదు. హెడ్ తనెక్కడుందో తెలుసుకోవడానికి పళ్లెం మీద గుర్తులు ఉంటాయి, అవి చదవలేకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది, మళ్లీ చదవలేక మళ్లీ వెనక్కి. ఆ రాకపోకలే మనకి వినిపించే టక్ టక్. హెడ్ విరిగో వంగో ఉంటే ప్రతి రాకతోనూ పళ్లెం మీది పూత గీరుకుపోతుంది, గీరుకుపోయిన చోట ఉన్న డేటాని ఎవరూ తిరిగి తేలేరు. వెంటనే ఆపేయండి. డేటా నిజంగా కావాలంటే క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని గది) ఉన్న రికవరీ ల్యాబ్ తప్ప ఇంకో దారి లేదు. ఖర్చు ఎక్కువే, గ్యారంటీ కూడా ఎవరూ ఇవ్వరు, కానీ ఇంట్లో మూత విప్పి చూశాక ల్యాబ్‌కి తీసుకెళ్తే వాళ్ల చేతిలో కూడా పెద్దగా ఏమీ మిగలకపోవచ్చు.

ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. వద్దు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, తేమ మీద హెడ్ తిరిగితే ఉన్నది కూడా పోతుంది. అదే మోడల్ డిస్క్ ఇంకోటి తెచ్చి దాని సర్క్యూట్ బోర్డు మార్చేస్తే సరిపోతుందన్న మాట కూడా పాతబడిపోయింది, ఇప్పటి బోర్డుల్లో ఆ ఒక్క డిస్క్‌కే సంబంధించిన సెట్టింగులు ఒక చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌ని కూడా మార్చాలి.

ఫార్మాట్ అడిగే డిస్క్‌కీ టక్ టక్ అనే డిస్క్‌కీ మధ్య ఒక స్థితి ఉంది, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. డిస్క్ తెరుచుకుంటుంది, కానీ ఒక ఫోల్డర్ దగ్గర నిమిషాలపాటు కదలదు, కాపీ మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది. "అన్నా, ఇంకొక్కసారి తెరుచుకుంటే చాలు, ముఖ్యమైనవి లాగేసుకుంటాను" అని ఒక తమ్ముడు రోజంతా అదే ఫోల్డర్‌ని పట్టుకుని కూర్చున్నాడు. మామూలు కాపీలో ఉన్న చిక్కు ఏమిటంటే, పాడైన సెక్టార్ (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడి) తగలగానే అక్కడే ఆగి దాన్నే మళ్లీ మళ్లీ చదివిస్తుంది. మిగతా డిస్క్‌లో బాగున్న భాగం ఎంతో ఉన్నా దాని వంతు రాకముందే హెడ్ అలిసిపోతుంది.

ఇలాంటి డిస్క్‌కి జీఎన్‌యూ డీడీరెస్క్యూ లాంటి పనిముట్టు కావాలి. లైనక్స్‌లో దొరుకుతుంది, ఉచితం. అది ఫైళ్లు, ఫోల్డర్ల జోలికి పోదు, మొత్తం డిస్క్‌ని ఇంకో పెద్ద డిస్క్ మీదికి ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీస్తుంది. ముందు సులభంగా చదవగలిగిన భాగమంతా తీసేసుకుని, కష్టమైన చోట్లను దాటేసి, వాటి జాబితా ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుని చివర్లో వాటి దగ్గరికి తిరిగొస్తుంది. మధ్యలో డిస్క్ ఆగిపోయినా, మనమే ఆపినా, మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచి మళ్లీ సాగుతుంది, అందుకే అది లేకుండా నడపకండి. ఇన్‌పుట్ ఏదో అవుట్‌పుట్ ఏదో ఒకటికి రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కండి, తారుమారైతే డేటా ఉన్న పాడైన డిస్క్ మీదే రాసేస్తుంది. ఇమేజ్ చేతికొచ్చాక అసలు డిస్క్‌ని పక్కన పెట్టేసి, ఆ ఇమేజ్ కాపీ మీద టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి ఫైళ్లు వెతికి తీసే ప్రోగ్రాములు ఎన్నిసార్లయినా నడుపుకోవచ్చు. ఆ తమ్ముడి డిస్క్‌లో చాలావరకు ఇలాగే వచ్చాయి, కొన్ని వీడియోలు మాత్రం మధ్యలో తెగిపోయాయి.

ముందే తెలుసుకునే దారి లేదా అంటే కొంత ఉంది. డిస్కులు తమ ఆరోగ్యాన్ని స్మార్ట్ అనే లెక్కల్లో రాసుకుంటాయి, విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో, లైనక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్‌తో చూడొచ్చు. అందులో 5, 197, 198 నంబర్ల వరుసలు చూడండి: పాడై పక్కన పెట్టిన సెక్టార్లు, అనుమానంలో ఉన్నవి, ఇక చదవలేమని తేల్చినవి. అవి సున్నా దాటి పెరుగుతూ ఉంటే ఆ రోజే కొత్త డిస్క్ కొనండి. 199 పెరుగుతుంటే మాత్రం సాధారణంగా తప్పు కేబుల్‌ది. కానీ స్మార్ట్ బాగుంది కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. 2007లో గూగుల్ వాళ్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, పాడైన వాటిలో 36 శాతానికి పైగా డిస్కుల్లో ఉష్ణోగ్రత తప్ప ఏ స్మార్ట్ లెక్కలోనూ ముందస్తు సూచన కనిపించలేదు. చెప్పకుండానే పోయాయి. కాబట్టి నేను స్మార్ట్‌ని అదనపు హెచ్చరికగా చూస్తాను, రక్షణగా కాదు.

రక్షణ అంటే కాపీలే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇప్పటికీ నాకు సరైనదే అనిపిస్తుంది: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, అందులో ఒకటి ఇంటి బయట. వినడానికి భారంగా ఉంటుంది గానీ మొత్తం డేటాకి ఇది అక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసిన సినిమాలు పోతే మళ్లీ వస్తాయి. పిల్లల ఫొటోలు, పెద్దవాళ్ల గొంతుతో ఉన్న రికార్డింగులు, మీరు రాసుకున్నవి, సర్టిఫికెట్ల స్కాన్లు, ఇవి రావు. వీటిని విడదీసి చూస్తే చాలామందికి మొత్తం డిస్క్‌లో చిన్న భాగమే అవుతుంది, దాన్ని మూడు చోట్ల ఉంచడం కష్టం కాదు. లాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. క్లౌడ్ మీద నమ్మకం లేకపోతే ఇంకో డిస్క్ కొని అక్క ఇంట్లోనో ఆఫీసు డ్రాయర్‌లోనో పెట్టి, వెళ్లినప్పుడల్లా మార్చుకుంటూ ఉండండి. రెండు డిస్కులు కొంటే ఒకేసారి ఒకే మోడల్ తీసుకోకండి, ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ దగ్గర దగ్గరగా పోవచ్చు.

సింక్ చేస్తున్నాం కదా, అది చాలదా అంటారు. చాలదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, ఇక్కడ ఫైల్ కరప్ట్ అయితే ఆ కరప్ట్ అయినదే అక్కడికీ వెళ్తుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు. పాత వెర్షన్లు దాచే పద్ధతి ఉండాలి: విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్, కొంచెం శ్రమపడగలిగితే రెస్టిక్ గానీ బోర్గ్‌బ్యాకప్ గానీ అనే బ్యాకప్ ప్రోగ్రాములు. రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) కూడా బ్యాకప్ కాదు, ఒక డిస్క్ పోయినా పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే. బ్యాకప్ అయిపోగానే డిస్క్‌ని ఎజెక్ట్ చేసి తీసేయండి. ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న ప్రతి డ్రైవ్‌కీ తాళం వేసేయగలదు. ఎజెక్ట్ మాట ఎందుకన్నానంటే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసిన డిస్కులకి జర్నలింగ్ (చేయబోయే మార్పుని ముందే రాసుకునే పద్ధతి) ఉండదు, రాస్తుండగా లాగేస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతినడం తేలిక.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ అయితే ఈ బాధ ఉండదు కదా అని కూడా అడుగుతారు. కింద పడితే తట్టుకుంటుంది, నిజమే. కానీ పోయేటప్పుడు శబ్దం చేయదు, ఒక రోజు కనిపించడం మానేస్తుంది. బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచడం కూడా మంచిది కాదు, ఛార్జ్ మెల్లగా తగ్గుతుంది. దాచిపెట్టడానికి నేను ఇప్పటికీ తిరిగే డిస్కే వాడతాను.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది రిస్టోర్ చేసి చూడడం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తొలగించాడు. బ్యాకప్‌లు ఉన్నాయనే అందరూ అనుకున్నారు. చూస్తే రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ల తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిలవుతోంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి సుమారు ఆరు గంటల ముందు తీసి ఉన్న ఒక కాపీ వాళ్లని ఆదుకుంది, ఇదంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు. అంత అనుభవం ఉన్న టీమ్‌కే అలా జరిగితే మన ఇంటి డిస్క్‌లో కనిపించే పచ్చ టిక్కు గుర్తుని ఎలా నమ్ముతాం? అప్పుడప్పుడూ వేరే కంప్యూటర్‌లో బ్యాకప్ డిస్క్ పెట్టి, ఏవైనా పది పాత ఫొటోలూ ఒక పెద్ద వీడియో వెనక్కి తెచ్చుకుని చివరిదాకా తెరిచి చూడండి. ఫైల్ పేరు కనిపించడం వేరు, ఫైల్ తెరుచుకోవడం వేరు.

ఆ పరీక్షలోనే బయటపడే ఇంకో విషయం పాస్‌వర్డ్. ఇంటి బయట ఉంచే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందే (పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా), కానీ విండోస్‌లో ఆ పని చేసే బిట్‌లాకర్ రికవరీ కీ ఆ లాప్‌టాప్‌లోనే టెక్స్ట్ ఫైల్‌లో ఉంటే లాప్‌టాప్‌తోపాటే అదీ పోతుంది. కీని, బ్యాకప్ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌ని, ఏ డిస్క్ ఎక్కడుందో, దాన్ని ఎలా తెరవాలో కాగితం మీద రాసి ఆ డిస్క్‌కి దూరంగా, ముఖ్యమైన పత్రాలు ఉండే చోట పెట్టండి. ఇంట్లో ఇంకొకరికి ఆ కాగితం చూపించి, మీ సాయం లేకుండా వాళ్లని ఒకసారి తెరవమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఇంకో లైను రాయండి.