తోకలు ఎటు తిరిగాయన్నదే

"రెండిట్లో ఉన్న అణువులు అవే అయితే కరెంట్‌లో అంత తేడా ఎందుకు మేడమ్?"

ఈరోజు గుంటూరులో, ఎమ్మెస్సీ క్లాసులో, ఒకే పాలిమర్‌తో చేసిన రెండు పొరల గురించి వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న. ప్రాణం లేచొచ్చింది నాకు.

బోర్డు మీద ఆ పాలిమర్, అంటే కరెంట్‌ను మోయగల పి3హెచ్‌టి, గొలుసు గీశాను. వరసగా థయోఫీన్ అనే, సల్ఫర్ ఉన్న వలయాలు, ఒక్కోదానికి ఆరు కార్బన్ల తోక. తోకలన్నీ ఒకే తీరులో ఉంటే వలయాలు ఉపరితలం మీద నిటారుగా నిలబడి, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటాయి. ట్రాన్సిస్టర్‌లో కరెంట్ వెళ్లాల్సింది కూడా ఆ దిశలోనే. తోకల వరస తప్పితే వలయాలు వెల్లకిలా పడుకుంటాయి, పేర్పు కింది నుంచి పైకి అయిపోతుంది. ఛార్జ్ కదిలే వేగంలో ఈ రెండిటికీ వంద రెట్లకు పైగా తేడా ఉందని 1999లోనే కొలిచి చూపించారు.

అలాగని స్ఫటికంలా పేర్చుకుంటేనే పని జరుగుతుందనీ కాదు. ఐడిటి-బిటి అనే పాలిమర్‌లో ఆ క్రమం పెద్దగా కనిపించదు. కానీ గొలుసు మెలి తిరగదు, ఛార్జ్ దాని వెంటే సాఫీగా సాగిపోతుంది. నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

పరీక్షలో ఇవేవీ రావు. అయినా రేపటి క్లాసు కూడా దీనికే. తోక పొడవు మారిస్తే ఏమవుతుందో ఇంకా చెప్పనేలేదు.