మిడిల్‌సెక్స్ కౌంటీ సమాధుల మధ్య మా పిల్లలు

మసాచుసెట్స్ రాష్ట్రంలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో పెరిగే పిల్లలు తమ పాఠాల్లో చదువుకునే వ్యక్తుల్లో చాలామంది ఆ కౌంటీ శ్మశానవాటికల్లోనే ఉన్నారు. 1775 ఏప్రిల్ 19న అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సైన్యంతో తొలి పోరు జరిగిన లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్ళు ఈ కౌంటీలోవే కావడం, హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉన్న కేంబ్రిడ్జ్, నూలు మిల్లుల ఊరు లోవెల్ కూడా దీని పరిధిలోకే రావడం వల్ల సైనికులు, కవులు, శాస్త్రవేత్తలు, సంస్కర్తలు, కార్మికుల బిడ్డలు అందరూ కొద్ది మైళ్ళ దూరంలోనే సమాధులై ఉన్నారు. బడివాళ్ళు పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళి రాళ్ళమీద రాతలు చదివిస్తారు. తల్లిదండ్రులు చేయవలసిందల్లా అనుమతి పత్రం మీద సంతకం పెట్టడమే.

ఆ సంతకం పెట్టడం మాబోటి వాళ్ళకు అంత తేలిక కాదు. నేను పుట్టి పెరిగిన రాజమండ్రిలో కోటిలింగాల రేవు వైపు పిల్లల్ని పోనిచ్చేవారు కారు. ఆడవాళ్ళు శవయాత్ర వెంట వీధి మలుపు దాకా మాత్రమే వెళ్ళేవారు. అక్కడి నుంచి తిరిగి వచ్చిన మగవాళ్ళు స్నానం చేయనిదే గుమ్మం దాటేవారు కారు. తెలుగునాట ఖననం చేసే కులాలు, మతాలు చాలానే ఉన్నాయి, పొలం గట్టున తాత సమాధి కట్టుకుని సంక్రాంతికి సున్నం వేసే కుటుంబాలూ ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం పోయినవారికి మిగిలేవి గోడమీద దండ వేసిన ఫోటో, ఏడాదికొక తిథి, తద్దినం నాడు పలికే మూడు తరాల పేర్లు. అస్థికలు గోదావరిలో కలిశాక వెళ్ళి నిలబడి చూడడానికంటూ ఒక చోటు ఉండదు.

మా అమ్మాయి ఐదో తరగతిలో ఆ కాగితం తెచ్చినప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. "ఏమ్మా, పసిపిల్లల్ని వల్లకాటికి పంపుతావా? గాలీ ధూళీ సోకితే ఎవరిది పూచీ?" అన్నారు. ఆవిడ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆ భయంలో తరతరాల జాగ్రత్త ఉంది, అందులో కొంత అంటువ్యాధుల కాలపు అనుభవం కూడా ఉంది. అయినా ఆలోచించి సంతకం పెట్టాను. ఈ నేలమీద పుట్టిన పిల్లకు ఈ నేలలో ఉన్న పెద్దల్ని చూడవద్దని చెప్పే అధికారం నాకు లేదనిపించింది. తిరిగివచ్చాక స్నానం చేయించే షరతు మీద ఆవిడా ఒప్పుకున్నారు. ఆ షరతు మా ఇంట్లో నేటికీ అమల్లో ఉంది, పిల్లలకు దానిమీద ఫిర్యాదు లేదు.

ఆ తర్వాత మేమే కుటుంబంగా వెళ్ళడం మొదలుపెట్టాము. కేంబ్రిడ్జ్, వాటర్‌టౌన్ ఊళ్ళ మధ్య ఉన్న మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికను 1831లో స్థాపించారు. చర్చి ఆవరణలో ఇరుకుగా పూడ్చిపెట్టే పాత పద్ధతిని మార్చి, చెట్లూ కుంటలూ గుట్టలూ ఉన్న తోటలో మృతులకు చోటివ్వాలన్న ఆలోచన ఈ దేశంలో తొలిసారి రూపుదిద్దుకున్నది అక్కడే. ఆ ఆలోచనను ముందుకు తెచ్చిన జేకబ్ బిగెలో వైద్యుడు, వృక్షశాస్త్రం తెలిసినవాడు. మే నెలలో వలస పిట్టల కోసం దుర్భిణీలు మెడలో వేసుకుని జనం తెల్లవారుజామునే వస్తారు. మొదటిసారి మాతో వచ్చిన మా అత్తగారు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చెట్ల కిందే నడిచి, పూల మొక్కల పేర్లు మాత్రం అడిగి తెలుసుకున్నారు.

అక్కడ కవి లాంగ్‌ఫెలో ఉన్నాడు, చిత్రకారుడు విన్‌స్లో హోమర్ ఉన్నాడు. నేను పిల్లల్ని ముందుగా నిలబెట్టేది మాత్రం హ్యారియెట్ జేకబ్స్ సమాధి దగ్గర. నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌లో బానిసగా పుట్టిన ఆవిడ, యజమాని వేధింపుల నుంచి తప్పించుకోవడానికి తన అమ్మమ్మ ఇంటి కప్పుకింద తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, అత్యంత ఎత్తైన చోట మూడడుగులు ఉండే చీకటి అటకమీద దాదాపు 7 సంవత్సరాలు దాక్కుంది. కింద ఆడుకునే తన పిల్లల్ని ఒక చిన్న కంతలోంచి చూసుకునేది. చివరికి ఉత్తరాదికి పారిపోయి, 1861లో తన జీవితకథను అచ్చువేయించింది. కొంతకాలం కేంబ్రిడ్జ్‌లో వసతిగృహం నడిపింది. 1897లో మరణించిన ఆవిడ పక్కనే తమ్ముడు జాన్, కూతురు లూయిసా ఉన్నారు. ఆ అటక కొలతలు విన్న రోజు మా అబ్బాయి ఇంటికి వచ్చి, భోజనాల బల్ల కింద దూరి అందులో తాను నిటారుగా కూర్చోగలడో లేదో చూసుకున్నాడు.

డొరొథియా డిక్స్ కథ ఈ కౌంటీదే. 1841లో తూర్పు కేంబ్రిడ్జ్ జైలులో ఆదివారం పాఠం చెప్పడానికి వెళ్ళిన ఆ పంతులమ్మ, ఏ నేరమూ చేయని మతిస్థిమితం లేని స్త్రీలను చలికాలంలో నిప్పు కూడా లేని గదుల్లో పెట్టడం చూసింది. అక్కడ మొదలుపెట్టి రాష్ట్రమంతా తిరిగి, చూసింది చూసినట్టు రాసి శాసనసభకు సమర్పించింది. మానసిక వైద్యశాలల కోసం ఈ దేశంలో జరిగిన పెద్ద ఉద్యమానికి అది నాంది. మన ఇళ్ళల్లో మనసు జబ్బుల మాట తలుపు వేసుకుని చెప్పుకునే మాట, పెళ్ళి సంబంధాల భయంతో దాచిపెట్టే మాట. మా వైపు చుట్టాల్లో అలా ఒక గదికే పరిమితమై వెళ్ళిపోయిన ఒకావిడ గురించి నేను మా అమ్మాయికి తొలిసారి చెప్పింది డిక్స్ సమాధి ముందే. మరే చోటా నాకు ఆ మాట అంత సులువుగా నోట రాలేదు.

అదే తోటలో ఉన్న ఫ్యానీ ఫార్మర్ 1896లో వెలువరించిన వంటల పుస్తకంతో గరిటెలకూ కప్పులకూ కచ్చితమైన కొలతలు ఇంటింటికీ అలవాటు చేసింది. నాయనమ్మ చారెడు, పిడికెడు, చిటికెడు అంటూ చెప్పే వంటను మా అమ్మాయి ఇప్పుడు ఒక పుస్తకంలో గ్రాముల్లో రాసుకుంటోంది. ఆవిడ గుప్పిట్లోని కందిపప్పును తూకం వేసి మరీ రాస్తుంటే, మా అత్తగారు ఓపికగా గుప్పిట తెరిచి పళ్ళెంలో పోస్తున్నారు. ఇంకో తరం దాకా మా ఇంటి ముక్కల పులుసు బతుకుతుందన్న ధైర్యం నాకు మా అమ్మాయి పుస్తకం చూస్తే కలుగుతుంది.

కాంకర్డ్‌లోని స్లీపీ హాలో శ్మశానవాటికను 1855లో అంకితం చేసినప్పుడు ప్రసంగించిన తత్వవేత్త ఎమర్సన్ అక్కడే గులాబీ రంగు స్ఫటికపు (క్వార్ట్జ్) బండ కింద ఉన్నాడు. ఆ మిట్టమీద హాథార్న్, థోరో, లూయిసా మే ఆల్కాట్ అనే రచయితలందరూ పాత ఇరుగుపొరుగు వాళ్ళలాగే దగ్గర దగ్గరగా ఉన్నారు. అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకు నర్సుగా పనిచేసి జబ్బుపడి తిరిగివచ్చిన ఆల్కాట్, 1879లో కాంకర్డ్‌లో ఓటరుగా పేరు నమోదు చేసుకున్న తొలి మహిళ. థోరో రాయి జానెడు ఎత్తు ఉంటుంది, దానిమీద "హెన్రీ" అన్న ఒక్క మాటే ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు అక్కడ పెన్సిళ్ళు పెట్టి వెళతారు. థోరో కుటుంబానిది పెన్సిళ్ళ వ్యాపారం, గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపే పద్ధతిని మెరుగుపరిచి మంచి పెన్సిళ్ళు చేసింది ఆయనే.

ఈ మిట్టమీద నేను పిల్లలకు చెప్పవలసింది చాలా ఉంటుంది. 1785లో చార్లెస్ విల్కిన్స్ ఇంగ్లీషులోకి తెచ్చిన భగవద్గీతను ఎమర్సన్ చదివాడు, థోరో వాల్డెన్ చెరువు ఒడ్డున తన గుడిసెలో చదువుకున్నాడు. 1846–47 చలికాలంలో ఆ చెరువు మంచును కూలీలు రంపాలతో కోసి తీసుకుపోతుంటే చూసి, మద్రాసు, బొంబాయి, కలకత్తా వాసులు ఇక తన బావి నీళ్ళు తాగుతారని రాసుకున్నాడు. ఆ రోజుల్లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ ఇక్కడి చెరువుల మంచును రంపపు పొట్టులో కప్పి ఓడల్లో మన దేశానికి పంపేవాడు. ఆయన కంపెనీ మద్రాసు సముద్రతీరంలో కట్టించిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. 1897 ఫిబ్రవరిలో అమెరికా నుంచి తిరిగివచ్చిన వివేకానందుడు బస చేసింది అందులోనే. మా తాతగారు మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆ కట్టడం ముందునుంచే బీచికి నడిచి వెళ్ళేవారట. ఇక్కడి చెరువు నీళ్ళు అక్కడికి గడ్డలై చేరాయని, పన్ను కట్టనన్నందుకు థోరో 1846లో ఒక రాత్రి జైల్లో గడిపి ఆపైన రాసిన వ్యాసాన్ని గాంధీగారు శ్రద్ధగా చదివారని చెబితే, ఈ రెండు దేశాల కథను విడివిడిగా చదువుకోనక్కరలేదని పిల్లలు తమంతట తామే గ్రహిస్తారు.

అదే శ్మశానవాటికలో ఎఫ్రాయిమ్ బుల్ అనే తోటమాలి సమాధి ఉంది. అడవి ద్రాక్షను ఏళ్ళతరబడి సాకి, విత్తనాలు మళ్ళీ మళ్ళీ నాటి, ఈ చలిప్రాంతంలో ముందుగా పండే కాంకర్డ్ ద్రాక్షను తయారుచేసింది ఆయనే. ఇక్కడి పిల్లలు బడికి పట్టుకెళ్ళే ఊదారంగు ద్రాక్షరసం, రొట్టెకు రాసుకునే జామ్ ఆ కాయలవే. మొలకలు కొనుక్కున్న నర్సరీలవాళ్ళు వాటినుంచి తామే అంట్లు తీసి అమ్ముకోవడంతో బుల్‌కు దక్కింది స్వల్పం, 1895లో పేదవాడిగానే కన్నుమూశాడు. ఆయన రాయిమీద "అతడు విత్తాడు, ఇతరులు కోసుకున్నారు" అన్న అర్థం వచ్చే మాట చెక్కారు. మా అబ్బాయి అది చదివి నాయనమ్మకు తెలుగులో చెప్పాడు. కోనసీమలో కౌలు రైతుల కుటుంబం నుంచి వచ్చిన మా అత్తగారు అక్కడ ఆగిపోయారు. ఆ తర్వాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, తమ నాన్నగారు కౌలుకు చేసిన కొబ్బరితోట, అందులో ఆయన వేసిన అంతరపంటలు, చివరికి ఆ తోట చేయి మారిన తీరు, అన్నీ చెప్పుకొచ్చారు. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ కోడలినైన నేను కూడా ఆ కథ పూర్తిగా విన్నది అప్పుడే.

కాంకర్డ్ కూడలి పక్కనున్న ఓల్డ్ హిల్ శ్మశానంలో పలక రాళ్ళ మీద రెక్కలున్న పుర్రెలు ఉంటాయి. కాస్త తర్వాతి కాలపు రాళ్ళమీద వాటి స్థానంలో రెక్కలున్న పసిముఖాలు, ఇంకా తర్వాత కలశమూ వాలిన చెట్టుకొమ్మలూ వస్తాయి. మృత్యువును చూసే చూపు తరాలవారీగా ఎలా మెత్తబడిందో అక్కడ నడుస్తూనే చూడవచ్చు. అక్కడి రాళ్ళలో జాన్ జాక్‌ది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆఫ్రికాలో పుట్టి, ఇక్కడ బానిసై, తన కష్టార్జితంతో తన స్వేచ్ఛను తానే కొనుక్కుని, 1773లో మరణించినవాడు ఆయన. డేనియల్ బ్లిస్ అనే న్యాయవాది రాసిన ఆ సమాధిరాత, బానిసత్వపు దేశంలో పుట్టినా ఆయన స్వేచ్ఛగానే పుట్టాడని, స్వేచ్ఛ గల దేశంలో బతికినా బానిసగా బతికాడని చెబుతుంది. అది రాసిన రెండేళ్ళకే అదే ఊళ్ళో స్వాతంత్ర్యం కోసం తుపాకులు పేలాయి. బ్లిస్ మాత్రం బ్రిటిష్ రాజు పక్షపు మనిషి. సరైన మాట ఎవరి నోట వస్తుందో ముందుగా చెప్పలేమన్న చిక్కు విషయాన్ని ఈ రాయి దగ్గర పిల్లలతో మాట్లాడుతుంటాను. ఈ దేశపు గొప్పను పూర్తిగా తమదనుకునే పిల్లలు ఈ దేశపు అప్పును కూడా తమదనుకోవాలన్నది నా కోరిక. ఊరి చివర వాడల్లో మనుషుల్ని ఉంచి, శ్మశానాలు కూడా విడివిడిగా పెట్టుకున్న మన పల్లెల సంగతి అక్కడ చెప్పకుండా దాటవేయడం నాకు చేతకాదు.

లోవెల్‌లోని ఎడ్సన్ శ్మశానవాటికలో రచయిత జాక్ కెరువాక్ ఉన్నాడు. కెనడా నుంచి వలస వచ్చిన ఫ్రెంచివాళ్ళ బిడ్డ, చిన్నతనంలో ఇంట్లో ఫ్రెంచి తప్ప మరో భాష లేకుండా పెరిగి, బడిలో చేరాకే ఇంగ్లీషు నేర్చుకున్నవాడు. 1969లో పోయిన ఆయన సమాధి పలకమీద ఇంట్లో పిలిచే ముద్దుపేరు "టి జాన్" చెక్కి ఉంటుంది. అప్పటి లోవెల్ మిల్లుల్లో పనిచేసిన ఫ్రెంచి కుటుంబాల మునిమనవలు ఇప్పుడు చాలావరకు ఆ భాష మాట్లాడరు. తెలుగు తరగతికి వెళ్ళనని ఆదివారం పొద్దున మొరాయించే మా అబ్బాయికి నేను ఈ సంగతి ఒకసారి మామూలుగా చెప్పాను, వాడు కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళ నాయనమ్మలతో ఎట్లా మాట్లాడేవాళ్ళు?" అని అడిగాడు.

ఇంతమంది పెద్దల మధ్య తిరిగిన పిల్లలు, మీరు ఎక్కడ ఉంటారని మమ్మల్ని అడగడం సహజం. మౌంట్ ఆబర్న్‌లో 1900 నుంచే దహన సదుపాయం ఉంది కనుక దహనం ఇక్కడ కొత్త విషయం కాదు. మన స్నేహితుల కుటుంబాల్లో పెద్దలు పోయినప్పుడు మరణ ధ్రువపత్రం, దహన పత్రం, కాన్సులేట్ కాగితం జతచేసి అస్థికలను విమానంలో తీసుకువెళ్ళి గోదావరిలోనో కృష్ణలోనో కలిపి వస్తున్నారు. మావారి కోరిక కూడా అదే. మా అమ్మాయి మాత్రం తనకు వచ్చి నిలబడే చోటు ఒకటి ఈ కౌంటీలోనే కావాలంటోంది, రాయి చిన్నదైనా సరే, దానిమీద మా పేర్లు తెలుగు అక్షరాల్లో, మూడు తరాల పేర్లతో సహా ఉండాలంటోంది. తద్దినం మంత్రంలో వినే ఆ పేర్లను అది ఇప్పటికే ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంది, నాయనమ్మ చెప్పగా తాతముత్తాతల ఊళ్ళు, వృత్తులు కూడా పక్కన చేర్చింది. ఆడవాళ్ళ పేర్లు ముత్తమ్మమ్మ దగ్గరే ఆగిపోయాయని దానికి కోపం, వాటికోసం కోనసీమలోని మేనత్తలకు ఫోన్లు చేస్తోంది. అస్థికలను రెండు భాగాలు చేసి, ఒకటి నదికీ ఒకటి ఇక్కడి మట్టికీ ఇవ్వడం శాస్త్రసమ్మతమేనా అన్నదే మావారి సందేహం. ఆష్లాండ్ లక్ష్మీదేవి గుడిలో పురోహితుల్ని అడిగి చూద్దామని ఇద్దరమూ అనుకున్నాము, మా అత్తగారు కూడా ఆ మాట వినడానికి తానూ వస్తానన్నారు.