మేనల్లుడి చేతిలో క్లాంప్ మీటర్

మొన్న రాత్రి భీమవరం దగ్గర మా బావగారి రొయ్యల చెరువు మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయండి. మబ్బు పట్టిన రోజు, తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోతే రొయ్యంతా తేలిపోద్ది, మా అక్క అయితే గట్టు మీదే కూర్చుండిపోయింది. మా మేనల్లుడు స్టార్టర్ డబ్బా విప్పి సెల్ లైట్ వేసి చూస్తే ఒక ఫేజ్ కాంటాక్ట్ కాలి నల్లగా అయిపోయుంది, కొత్తది బిగించి, స్విచ్ వేశాక కూడా వదల్లేదు, మూడు ఫేజులకీ, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి లోడ్ సమానంగా ఉందో లేదో చూసుకున్నాకే చేతులు కడుక్కున్నాడు.

వీడు టెన్త్ అయ్యాక ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తానంటే వద్దని గట్టిగా అడ్డుపడింది నేనే. ఎంపీసీ కాకపోతే చుట్టాల్లో ఏమనుకుంటారో అన్నాను, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంది. రెండేళ్ల కోర్సు, తర్వాత బ్రిడ్జి కోర్సు చేసి పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరొచ్చు, అక్కణ్ణించి డిప్లొమా వాళ్లకి పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే బీటెక్‌లో కూడా రెండో సంవత్సరమే. ఇదేదీ కనుక్కోకుండానే మాట్లాడాను.

మన కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ 1946 నుంచి ఉంది, అప్పట్లో అందులో సీటంటే ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారట. మధ్యలో మనమే చిన్నచూపు చూశాం.

ఇప్పుడు వాడి చెల్లెలు టెన్త్, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాస్తానంటోంది. అప్లికేషన్ ఫీజు నేనే కడతానని చెప్పాను.