కనుబొమ్మల మధ్య గీతలు

బరంపురం, మంగళవారం రాత్రి

పొద్దున కొట్టు తెరిచిన అరగంటకే ఒకావిడ కూతురి పెళ్ళికి కుంభం అంచు పట్టుచీరలు చూపించమన్నారు. నాలుగో చీర మడత విప్పుతున్నాను, ఛాతీలోంచి వేడి ఆవిరి లేచి మెడ మీదుగా ముఖానికి ఎక్కింది. మాఘమాసం చలి, ఫ్యాను కూడా వేయలేదు, అయినా పైపెదవి నిండా చెమట. చుక్క పట్టు మీద పడితే మరక పోదు. గబగబా చీర పక్కన పెట్టి రుమాలు అందుకున్నాను. ఆవిడ నా ముఖం చూసి, విసుగ్గా ఉన్నట్టున్నారు, తర్వాత వస్తామని ఒడియాలో అని లేచారు.

నాకు విసుగు లేదు. పాతికేళ్ళుగా చేస్తున్నా చీరలు విప్పి చూపించడమంటే ఇప్పటికీ ఇష్టమే. కానీ ఈ నెలలో నన్ను ఇలా అనుకున్నవాళ్ళలో ఆవిడ నాలుగో మనిషి. రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను. కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు, నవ్వినా పోవడం లేదు. స్టిక్కరు బొట్టు అంచు వాటి మీద ఆనక లేచిపోతోంది.

మధ్యాహ్నం చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఈ వయసులో ముఖం కోసం డాక్టరా అంటారని మూడు నెలలు వెనకాడాను. మోకాలి నొప్పికి మాత్రం ఎవరినీ అడగకుండానే వెళ్ళాను. ఆ తేడా ఎందుకు చూపించానో తలచుకుంటే బాధగా ఉంది.

నాకు 50 నిండాయి. ముట్లుడిగి 14 నెలలు. వరసగా 12 నెలలు రాకపోతే అది మెనోపాజ్, మన దేశంలో చాలామందికి 46, 47 ఏళ్ళకే వస్తుందని డాక్టరు చెప్పారు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గిపోయాక మొదటి ఐదేళ్ళలోనే చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుందట, ఆ తర్వాత ఏటా 2 శాతం చొప్పున. కొల్లాజెన్ అంటే నా భాషలో పడుగు. అది పలచబడితే నేత ఎలా నిలుస్తుంది? ముఖంలో కొవ్వు కిందికి జారుతుంది, దవడ ఎముక కూడా కొంత అరుగుతుంది. రెండేళ్ళలో పదేళ్ళు మీదపడ్డాయని అనిపించడం నా భ్రమ కాదన్నమాట.

చెంపల మీద మంగు మచ్చలకు మందుల కొట్లో ఇచ్చిన క్రీము ఏడాదిగా రాస్తున్నాను. అందులో స్టెరాయిడ్ ఉందట. భూతద్దం పెట్టి, చర్మం పలచబడి ఎర్రటి నరాలు బయటికి కనబడుతున్న చోటు అద్దంలో చూపించారు. ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా మాన్పిస్తానన్నారు. మా వీధిలో ఇంకో ముగ్గురికి నేనే ఆ క్రీము చెప్పాను. రేపు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి.

గీతల సంగతి అడిగాను. బొటాక్స్ సూది ఆ కండరాన్ని ముడుచుకోనివ్వదు. వారంలో గుణం తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. ముఖం ముడిచినప్పుడే పడే గీతలు బాగా పోతాయి, ఊరికే ఉన్నప్పుడూ ఉండేవి పూర్తిగా పోకపోవచ్చు. ఈ మాట నాకు వెంటనే అర్థమైంది. పట్టుచీర ఏడాదిపాటు ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడే పట్టు చీలుతుంది, మడత మార్చుతుండమని ప్రతి పెళ్ళికూతురి తల్లికీ చెబుతాను. పల్లాలు నింపే ఫిల్లర్లు పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే, అరుదుగానైనా, చూపే పోవచ్చు. పార్లర్లలో చేయించుకోవద్దని ఆమె గట్టిగా చెప్పారు. లేజరు మోతాదు మించితే మన ఛాయ మీద నల్లమచ్చలు పడతాయట. హార్మోను మాత్రలు వేడి ఆవిర్లకు గైనకాలజిస్టు చూసి ఇస్తారు గాని, ముడతల కోసమే ఇవ్వరు.

ప్రస్తుతానికి పగలు సన్‌స్క్రీన్, రెండు వేళ్ళ పొడవున. చర్మం కోలుకున్నాక రాత్రిపూట ముడతలకు రాసే రెటినాయిడ్ క్రీము శనగ గింజంత, మొదట వారానికి రెండు రోజులే. సూది సంగతి ఇంకా తేల్చుకోలేదు. చేయించుకుంటే తప్పని మాత్రం అనుకోను. లేని కోపం నా ముఖం మీద ఉండకూడదు, నాకు కావలసింది అంతే.

రాత్రి ఇచ్ఛాపురంలో ఉన్న అప్పకు, అదే మా అక్కకు, ఫోను చేశాను. "నీకూ ఇలాగే ఉండేదా?" అంటే కాసేపు మాట్లాడలేదు. "రాత్రుళ్ళు లేచి పెరట్లో నూతి గట్టు మీద కూర్చునేదాన్నే. ఒళ్ళు కాలిపోతోందని ఎవరితో చెప్పను?" అంది.

ఆ ఏడు సంక్రాంతికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. నేను రావడం అప్పకు ఇష్టం లేదని, ముఖం మాడ్చుకుందని, కనుమ నాటికే తిరిగి వచ్చేశాను. ఆ సంగతి ఇన్నేళ్ళకు ఈ రాత్రి చెప్పాను.

ఆదివారం రమ్మంది.