కనెక్టికట్ రోడ్డు మీద డకోటా కూగర్: మా వెర్మాంట్ ట్రిప్ కబుర్లు

న్యూజెర్సీ ఎడిసన్ నుంచి వెర్మాంట్ అంటే మనవాళ్ళు ఎవరైనా 87 హైవే పట్టుకుని పైకి పోతారు, మేం మాత్రం కనెక్టికట్ మీదుగా తిప్పుకుని వెళ్ళాం, ఎందుకంటే హార్ట్‌ఫర్డ్ దగ్గర మా బామ్మర్దిని ఎక్కించుకోవాలి, రెండోది (ఇది మా ఆవిడకి ముందు చెప్పలేదు) నాకు మిల్‌ఫర్డ్ దగ్గర ఒక రోడ్డు ముక్క చూడాలని ఎప్పట్నుంచో ఉంది. మెరిట్ పార్క్‌వే బాగుంటుంది, లారీలు రానివ్వరు, రెండు పక్కలా చెట్లు, దారిలో వచ్చే బ్రిడ్జీలు ఒకదానిలా ఇంకొకటి ఉండదు. హౌసటానిక్ నది దాటగానే అదే రోడ్డుకి విల్బర్ క్రాస్ పార్క్‌వే అని పేరు మారుతుంది, మిల్‌ఫర్డ్ అక్కడే.

అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. బోర్డు లేదు, ఆపడానికి షోల్డర్ కూడా సరిగ్గా లేదు. కానీ 2011 జూన్ 11న తెల్లవారక ముందు ఈ రోడ్డు మీదే ఒక ఎస్‌యూవీ మౌంటెన్ లయన్‌ని గుద్దేసింది. కూగర్ అన్నా ప్యూమా అన్నా అదే, అమెరికా అడవుల్లో ఉండే పెద్ద పిల్లి. మగది, 140 పౌండ్లు, అంటే 63 కేజీలు. కనెక్టికట్‌లో వందేళ్ళ పైనుంచి లేని జంతువు! ఆ ముందు వారమే గ్రీనిచ్‌లో ఒక స్కూల్ దగ్గర పెద్ద పిల్లి ఏదో తిరుగుతోందని జనం చెప్పారు. సరే ఎవరో పెంచుకునేది తప్పించుకుని ఉంటుందిలే అని ఆఫీసర్లు అనుకున్నారు, నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి, ఈ దేశంలో పులుల్ని పెంచుకునే మహానుభావులు కూడా ఉన్నారు కదా.

బాడీ చూస్తే గోళ్ళు తీసిలేవు, ఆపరేషన్ చేసిన ఆనవాలు లేదు, మైక్రోచిప్ లేదు, పైగా చర్మం కింద ముళ్ళపంది ముళ్ళు. డీఎన్ఏ మోంటానాలో మిజూలా ల్యాబ్‌కి పంపితే అది సౌత్ డకోటా బ్లాక్ హిల్స్ వైపు పిల్లి అని తేలింది. అంతటితో అయిపోలేదు, ఆ ల్యాబ్‌లో ముందే మినెసోటా, విస్కాన్సిన్ నుంచి వచ్చిన పెంట, వెంట్రుకల శాంపిల్స్ ఉన్నాయి, వాటితో పోల్చి చూస్తే అన్నీ ఈ ఒక్కదానివే. 2009 డిసెంబర్‌లో మినియాపొలిస్ పక్కన చాంప్లిన్‌లో పోలీస్ కారు కెమెరాకి దొరికింది, తర్వాత విస్కాన్సిన్ అంతా తిరిగింది, 2010 డిసెంబర్‌లో న్యూయార్క్ లేక్ జార్జ్ దగ్గర ఒకరి పెరట్లో కనపడింది, ఆర్నెల్లకి ఇక్కడ. 1,500 మైళ్ళ పైనే నడక. మధ్యలో కెనడాలోంచి వచ్చి ఉంటుందని అంటారు, ఆ ముక్కకి మాత్రం ఆధారం లేదు.

ఇదంతా నేను కార్లో చెప్తుంటే మా అమ్మాయి, "ఎందుకు నడిచింది నాన్నా అంత?" అంది. ఆడపిల్ల కోసం అన్నాను. వాళ్ళమ్మ నా వైపు ఒక చూపు చూసింది, కానీ నిజం అదే. కూగర్లలో ఆడవి చాలావరకు తల్లి తిరిగే ఏరియా పక్కనే ఉండిపోతాయి, మగవి మాత్రం ఏడాదిన్నరా రెండేళ్ళు రాగానే బయల్దేరాలి, ఉంటే పెద్ద మగవి చంపేస్తాయి. అలా పోతూ పోతూ జింకలు దొరికి, ఆడది కూడా తగిలితే ఆగుతుంది. తూర్పు వైపు వచ్చినవాటికి తిండి దొరుకుతుంది, ఆడది దొరకదు, అందుకే ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. 2008 ఏప్రిల్‌లో షికాగో సిటీ మధ్యలో, రాస్కో విలేజ్‌లో పోలీసులు కాల్చింది కూడా బ్లాక్ హిల్స్ మగదే.

హార్ట్‌ఫర్డ్‌లో బామ్మర్ది ఎక్కాడు, చేతిలో పులిహోర డబ్బా, పాపం వాడే చేశాడట, పోపులో ఇంగువ కాస్త ఎక్కువైంది గానీ బాగుంది. ఈ టాపిక్ విన్నాడో లేదో, "బావా నేను చూశా ఒకదాన్ని, మా అపార్ట్‌మెంట్ వెనకాల రిజర్వాయర్ ట్రైల్‌లో, ఒట్టు" అని మొదలెట్టాడు.

"తోక ఎంతుందిరా?"

"తోక... చూళ్ళేదు బావా, పొదల్లోకి పోయింది."

"పక్కింటోళ్ళ కుక్కయి ఉంటుందిరా" అంది మా ఆవిడ.

"అక్కా, కుక్కకీ పులికీ తేడా తెలీదా నాకు!"

అసలు పరీక్ష తోకే. కూగర్ తోక దాదాపు మూడడుగులు ఉంటుంది, లావుగా, నేలదాకా వచ్చి కొస పైకి తిరిగి ఉంటుంది, దాన్ని చూసినవాడు ముందు తోక గురించే చెప్తాడు. బాబ్‌క్యాట్ అని ఇక్కడ ఇంకో చిన్న అడవిపిల్లి ఉంది, దానికి ఉండేది జానెడు లోపే. కనెక్టికట్‌లో బాబ్‌క్యాట్‌లు బాగానే ఉన్నాయి, సాయంత్రం వెలుతురులో ఇంత పెద్దగా కనపడతాయి. ఇంకా తోడేలు లాంటి కొయోటీలు, దూరం తెలీక పెద్దగా అనిపించే ఇంటి పిల్లులు. నల్ల పాంథర్ చూశాం అనేవాళ్ళు కూడా బోలెడు, నల్ల కూగర్ అనేది అడవిలో గానీ జూలో గానీ ఇంతవరకు ఎక్కడా రుజువు కాలేదు. ఇదంతా చెప్తే వాడు కాసేపు ముభావంగా కూర్చుని, "మరి ఆ గ్రీనిచ్ వాళ్ళని కూడా ఇలాగే అనుంటారు కదా బావా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

91 హైవే మీద పైకి వెళ్ళి వుడ్‌స్టాక్ వైపు దిగి రూట్ 12 పట్టుకున్నాం, బార్నార్డ్ అనే చిన్న ఊరు వస్తుంది, జనరల్ స్టోర్, ఎదురుగా సిల్వర్ లేక్, అంతే ఊరు. 1881 థాంక్స్‌గివింగ్ రోజున ఇక్కడే వెర్మాంట్ ఆఖరి పాంథర్‌ని (కూగర్‌కే ఇంకో పేరు) కాల్చారు. కొండలన్నీ దట్టంగా అడవి, ఎప్పట్నుంచో ఇలాగే ఉందనిపిస్తుంది, కానే కాదు, 1800ల్లో మెరినో గొర్రెల పిచ్చిలో వెర్మాంట్‌లో చాలావరకు చెట్లు కొట్టేశారు, జింకలు పోయాయి, తినడానికి ఏం లేక పిల్లులు గొర్రెల మీద పడ్డాయి, వాటి తలకి రివార్డు పెట్టి మరీ చంపారు. తర్వాత గొర్రెల వ్యాపారం పడిపోయింది, రైతులు పశ్చిమానికి పోయారు, పొలాల్లో అడవి దానంతటదే లేచింది, ఇప్పుడు రాష్ట్రంలో ముప్పావు వంతు అడవే. జింకలొచ్చాయి, మూస్‌లొచ్చాయి, ఇల్లంతా రెడీగా ఉంది, ఉండాల్సినోడే లేడు. లేక్ ఒడ్డున పులిహోర, చేగోడీలు తిన్నాం, నీళ్ళు మాత్రం ఐసులా ఉన్నాయి, మా అమ్మాయి ఒక్కతే దిగింది.

ఆ కాల్చిన పాంథర్‌ని స్టఫ్ చేసి మాంట్‌పెలియర్‌లో హిస్టరీ మ్యూజియంలో పెట్టారు, స్టేట్ హౌస్ పక్క బిల్డింగే. నిజం చెప్పాలంటే నేను ఊహించుకున్నంత భయంకరంగా ఏం లేదు, మొహం కొంచెం అమాయకంగా కుట్టారేమో అనిపించింది, కానీ ఆ తోక చూడాలి. బామ్మర్ది ఆ తోక వైపు చాలాసేపు చూసి ఏం మాట్లాడకుండా బయటికొచ్చేశాడు. మిగతా మ్యూజియం మేం పరిగెత్తినట్టు చూశాం, పిల్లకి వాటర్‌బరీ బెన్ అండ్ జెర్రీస్ ఫ్యాక్టరీ టైం అయిపోతుందని తొందర.

మర్నాడు లేక్ జార్జ్. మనవాళ్ళందరికీ తెలిసిన చోటే, 32 మైళ్ళ పొడుగు సరస్సు, బోటు రైడు, లాంగ్ వీకెండ్ వస్తే సగం పార్కింగ్‌లో తెలుగే వినపడుతుంది. మోటెల్ నడిపే పెద్దాయన్ని అడిగాను, ఇక్కడ కూగర్లున్నాయా అని. "స్టేట్ వాళ్ళు లేవంటారు, మేం ఉన్నాయంటాం" అని నవ్వాడు. 2010లో ఇక్కడ కనపడ్డప్పుడు మంచులో అడుగుల వెంట వెళ్ళి వెంట్రుకలు ఏరారు కాబట్టి సరిపోయింది, అదే జూలైలో కనపడుంటే అది కూడా ఈ పెద్దాయన లెక్కలో ఇంకో కథే అయ్యేది.

నాకు అనిపించేది ఏంటంటే ఈ గొడవలో ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. లేవు అని స్టేట్ వాళ్ళంటే పిల్లలు పెట్టి కాపురం ఉంటున్న గుంపు లేదని. జనానికి అది ఒక్కటి కూడా లేదు, నువ్వు చూసింది భ్రమ అన్నట్టు వినపడుతుంది, కోపం వస్తుంది, అప్పట్నుంచి దాస్తున్నారు, వీళ్ళే తెచ్చి వదిలారు అని పుకార్లు. 2011 మార్చిలో ఫెడరల్ వాళ్ళు ఈస్టర్న్ కూగర్, అంటే ఈ తూర్పు వైపు రకం, అంతరించిందని ప్రకటించారు, మూడు నెలలకే మిల్‌ఫర్డ్‌లో ఇది. ఎంత నవ్వుకున్నారో జనం. కానీ ప్రకటన తప్పు కాదు, వచ్చింది డకోటా వాడు కదా, 2018లో ఆ తూర్పు రకాన్ని ప్రమాదంలో ఉన్న జంతువుల లిస్టులోంచి కూడా తీసేశారు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఈ కథ చెప్తే, "మన ప్రత్తిపాడు వైపు పెద్దపులి వచ్చినప్పుడు ఎవడు నమ్మాడ్రా ముందు" అన్నారు. 2022 సంగతి అది, కాకినాడ జిల్లాలో పశువుల్ని చంపుతుంటే అడుగులు చూశారు, కెమెరాలు పెట్టారు, అప్పుడు గానీ పులేనని ఖాయం కాలేదు, వారాల తరబడి బోన్లు పెట్టినా చిక్కలేదు. అక్కడైనా ఇక్కడైనా నోటి మాట చాలదు, ఫొటోనో వెంట్రుకో ఉండాలి, కాకపోతే చెప్పినోణ్ణి ఎగతాళి చేయకుండా వెళ్ళి వెతికే మనిషి కూడా ఉండాలి.

తిరిగొచ్చేటప్పుడు 87 మీద బామ్మర్ది ఫోన్లో మిషిగన్ న్యూస్ ఒకటి చదివి వినిపించాడు. 2025 మార్చిలో అప్పర్ పెనిన్సులాలో, ఆంటొనాగన్ కౌంటీలో రెండు కూగర్ పిల్లలు కనపడ్డాయి, ఆ రాష్ట్రం వాళ్ళే నిర్ధారించారు, మిసిసిపీ నదికి తూర్పున ఇది మామూలు విషయం కాదు. పిల్లలంటే తల్లి ఉన్నట్టే. ఇన్నేళ్ళూ దాదాపు మగాళ్ళే వచ్చి చచ్చిపోతుంటే ఒక ఆడది అంత దూరం వచ్చిందంటే అసలు లెక్క అక్కడ మారుతుంది, మిల్‌ఫర్డ్ లాంటివి పది వచ్చినా మారేది కాదు. "అయితే నెక్స్ట్ సమ్మర్ మిషిగనా బావా?" అన్నాడు. దోమలు పీకి తినేస్తాయంట అక్కడ అంది మా ఆవిడ. ఆ విషయం ఇంకా తేలలేదు, వాడు మాత్రం ఇంటికెళ్ళే లోపే ట్రైల్ కెమెరా ఆర్డర్ పెట్టేశాడు, ఇప్పటివరకు అందులో పడ్డవి రెండు రకూన్లు, బోలెడు జింకలు, వాకింగ్‌కి వచ్చే ఒక గుజరాతీ అంకుల్.